భద్రాచలం దారిలో రెండు లాంచీలు

రాజమండ్రి నుంచి గోదావరి మీద భద్రాచలం వెళ్లే దారిని తెలుగు సినిమా రెండుసార్లు మనసుపెట్టి చూపించింది. 1973లో బాపు-రమణల 'అందాల రాముడు', 2006లో శేఖర్ కమ్ముల 'గోదావరి'. రెండింటా నాయికా నాయకులు సీతారాములే. మొదటి రాముడు అక్కినేని, రెండో రాముడు ఆయన మనవడు సుమంత్. ఈ పోలికలు అందరూ చెప్పుకునేవే. నన్ను పట్టి ఉంచిన ప్రశ్న వేరు. ముక్కూమొహం తెలియని మనుషులు ఒకే పడవెక్కాక వాళ్ల మధ్య పరిచయం ఎక్కడ మొదలవుతుంది?

ముళ్ళపూడి వెంకటరమణ పడవలో అది పేరు పెట్టడంతో మొదలవుతుంది. అందులో ఒక పాత్ర పేరు 'తీ.తా.', అంటే తీసేసిన తాసిల్దారు. రెండక్షరాల్లో ఆ మనిషి పోగొట్టుకున్న ఉద్యోగం, పోని దర్పం రెండూ ఉన్నాయి. యాత్రల్లో మనమూ అంతే కదా! అసలు పేరు అడగకముందే కిటికీ పక్క మాస్టారు, విజయనగరం పిన్నిగారు తయారైపోతారు. ఆ తర్వాత అన్నం. ఆ సినిమాలో సామూహిక భోజనాలకు ఏకంగా ఒక పాటే పెట్టారు. మనిషి పక్కన మనిషి కూచుని తినడం ఈ దేశంలో చిన్న విషయం కాదని బాపు-రమణలకు తెలుసు.

కమ్ముల లాంచీలో లెక్క మారిపోయింది. రామ్ పెళ్లివారితో వచ్చాడు, అదీ తాను ప్రేమించిన రాజీ పెళ్లికి. అంటే ఆ గుంపులో చాలామంది ఒకరికొకరు ముందే తెలుసు. బయటి మనిషి సీత. వ్యాపారం కలిసిరాక, ఇంట్లో పెళ్లి సంబంధాల ఒత్తిడి పడలేక ఒంటరిగా లాంచీ ఎక్కిన అమ్మాయి. 1973లో ఇలాంటి సీతను రాసి ఉంటే, పడవంతా చుట్టూ చేరి ఆరా తీసేదే. ఇక్కడ ఆమెను ఆమె మానాన వదిలేస్తారు. ఆ ఏకాంతానికి సినిమా ఇచ్చిన మర్యాద నాకెంతో ఇష్టం. రామ్‌తో తగవుగా మొదలైన పరిచయం స్నేహంగా మారడానికి కమ్ముల తొందరపడడు, నది వేగంతోనే నడుస్తాడు. వేటూరి పాటలూ అంతే నిదానంగా తోడొస్తాయి.

కానీ రామ్, సీతల కోసం మిగతా లాంచీ వెనక్కి జరిగిపోయింది. బుడగలమ్మే చిన్న, తనికెళ్ల భరణి వేసిన కెప్టెన్ గుర్తుంటారు. తక్కినవాళ్లు నది ఒడ్డున చెట్లలా దాటిపోతారు. 'అందాల రాముడు'లో మూల కూచున్నవాడికీ ఒక గొడవ ఉంటుంది. గుంపును గుంపుగా ప్రేమించిన సినిమా అదేనని నా అభిప్రాయం.

ఒకసారి నేనూ అదే నది మీద పాపికొండల లాంచీ ఎక్కితే, పక్క బెంచీ మామ్మగారు టిఫిన్ డబ్బా మూతలో ఇంత పులిహోర పెట్టి, "తిను నాయనా, పొద్దుట్నించీ చూస్తున్నా, ఏమీ తిన్లేదు" అంది. తిన్నాను. మూత కడిగి తిరిగివ్వడానికి వెళితే "ఏ ఊరు?" అని మొదలైంది. ఆవిడ మోకాళ్ల నొప్పి, నా ఉద్యోగం, ఆవిడ కోడలి పురుడు, అన్నీ ఆ ఖాళీ మూత చుట్టూ చెప్పుకున్నాం. 'గోదావరి'లో నాకు ఆ మూత కనబడదు. రమణ పడవలో అది చేతులు మారుతూనే ఉంటుంది.

పేరంటాలపల్లిలో దిగేటప్పుడు కూడా ఆవిడ పేరు అడగలేదు. మా ఇంట్లో ఇప్పటికీ ఆవిడ పులిహోర మామ్మగారే.