ఆటలో అరటిపండు

పిల్లలు జట్లు పంచుకునేటప్పుడు చివరికి ఒకడు మిగులుతాడు. మరీ చిన్నవాడో, కాలు ఈడ్చేవాడో. వాణ్ణి ఏడిపించడం ఇష్టం లేక ‘ఆటలో అరటిపండు’ అని చేర్చుకుంటారు. వాడు పరిగెత్తొచ్చు, కేకలు పెట్టొచ్చు. కానీ వాడు ఔటైనా ఔట్ కాదు, గెలిపించినా గెలుపు కాదు. జాలిపడి ఇచ్చిన చోటు గనక దానికి లెక్క లేదు.

నకరికల్లులో మా వీధిలో అలాంటి అరటిపండు ఒకడున్నాడు. తొమ్మిదేళ్లవాడు. పుట్టగానే ఏడవలేదట. కుడి మోచెయ్యి మడుచుకుని రొమ్ముకు ఆనే ఉంటుంది, మణికట్టు లోపలికి తిరిగి ఉంటుంది, కుడి మడమ నేలకు ఆనదు. బంతి ఎడమ కాలికి వస్తే తోటివాళ్లలాగే తంతాడు. కుడివైపు వస్తే ఒళ్లంతా తిప్పుకోవాలి. ఈలోగా బంతి దాటిపోతుంది. చూసినవాళ్లు ‘పోలియో’ అంటారు. కాదు, అది సెరిబ్రల్ పాల్సీ. దెబ్బతిన్నది కాలు కాదు, కాలిని నడిపించే మెదడు భాగం. కడుపులో ఉండగానో, కాన్పులోనో, పుట్టిన కొత్తలోనో తగిలిన దెబ్బ. అది ఇక ముదరదు, అలాగని పోదు.

ఇలాంటివాడికి ఆటలో లెక్క దక్కాలంటే నియమం ఎలా రాయాలి? దీనికి రెండు ఆటలు రెండు రకాలుగా జవాబిచ్చాయి. ఒకటి సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారి అంతర్జాతీయ ఫుట్‌బాల్. రెండోది అంధుల క్రికెట్. మొదటిది మన టీవీల్లో కూడా ఎదురుపడని ఆట. రెండోది మన ఇంటి ఆట. భారత అంధుల జట్టుకు కెప్టెన్‌గా ప్రపంచ కప్పులు తెచ్చిన ఇల్లూరి అజయ్ కుమార్ రెడ్డి పల్నాటివాడు. ఇక్కడికి దగ్గర్లోని నరసరావుపేటలో, అంధుల పాఠశాలలో చదివాడు. 2023 సంవత్సరానికి అర్జున అవార్డు అందుకున్నాడు. ఈ రెండు ఆటల నియమావళులనూ పక్కపక్కన పెట్టి చదివితే, ఒకదాని లోపం రెండోదాని వెలుగులో కనిపిస్తుంది.

ముందు పోలికలు. క్రికెట్ బంతినే మార్చేసింది. లోపల చిన్న ఇనుప గుళ్లు వేసిన గట్టి ప్లాస్టిక్ బంతి, దొర్లితే గలగలమంటుంది. చెయ్యి కిందుగా తిప్పి వెయ్యాలి, పిచ్ సగానికి ఇవతలే నేలకు తగలాలి. వేసేముందు బౌలర్ ‘రెడీ?’ అని అడగాలి, బ్యాటర్ ‘యెస్’ అనాలి, అప్పుడు ‘ప్లే’ అని వెయ్యాలి. ఫుట్‌బాల్ బంతి జోలికి పోలేదు, మైదానాన్ని కుదించింది. జట్టుకు ఏడుగురు, 70 మీటర్ల పొడవు, 50 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల గోల్, సగానికి 30 నిమిషాలు. ఆఫ్‌సైడ్ లేదు. గీత దాటిన బంతిని రెండు చేతులతో తల మీదుగా విసరక్కర్లేదు, ఒంటి చేత్తో దొర్లించొచ్చు. ఈ చివరి నియమం దగ్గర నేను ఆగిపోయాను. రొమ్ముకు ఆనుకుపోయిన చేతిని దగ్గరనుంచి చూసినవాడు రాసిన వాక్యం అది. క్రికెట్‌లో ఆ ‘రెడీ’, ‘యెస్’ కూడా అలాంటివే. రెండూ జాలి మాట ఎత్తకుండా ఒంటికి తగ్గట్టు ఆటను కుట్టిన నియమాలు.

అసలు తేడా ఆటగాళ్లను వర్గాలుగా విడదీసిన తర్వాత మొదలవుతుంది. ఫుట్‌బాల్‌లో ఎఫ్‌టీ1, ఎఫ్‌టీ2, ఎఫ్‌టీ3 అని మూడు వర్గాలు. ఇబ్బంది ఎక్కువున్నవారు ఎఫ్‌టీ1, తక్కువున్నవారు ఎఫ్‌టీ3. ఆట జరిగినంతసేపూ ఎఫ్‌టీ1 ఆటగాడు కనీసం ఒకడు మైదానంలో ఉండాలి, ఎఫ్‌టీ3 ఒకడికి మించకూడదు. క్రికెట్‌లో బీ1, బీ2, బీ3. బీ1 అంటే చూపు బొత్తిగా లేనివారు. పదకొండు మందిలో వాళ్లు కనీసం నలుగురు ఉండాలి. ఇక్కడిదాకా రెండూ ఒక దారినే నడిచాయి. ఆ తర్వాత క్రికెట్ ఒక అడుగు ముందుకేసింది: బీ1 బ్యాటర్ కొట్టిన ప్రతి పరుగూ రెండు పరుగులు. బీ1 ఫీల్డర్ ఒక్క గెంతు తర్వాత పట్టినా అది క్యాచే.

మన పల్నాటి మాటల్లో చెప్పుకుంటే, ఫుట్‌బాల్‌ది బ్రహ్మనాయుడి చాపకూడు. అందరినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టింది, అందరికీ ఒకే కొలత. ఎఫ్‌టీ1 కొట్టినా ఎఫ్‌టీ3 కొట్టినా గోల్ గోలే. క్రికెట్ కూర్చోబెట్టి ఊరుకోలేదు, ఆకలి ఎక్కువున్నవాడి విస్తట్లో రెండు గరిటెలు వడ్డించమంది. కాగితం మీద చూస్తే క్రికెట్‌దే పైచెయ్యి. చాపకూడులో చోటు దొరకడం ఒక ఎత్తు, కడుపు నిండటం మరో ఎత్తు. ఎఫ్‌టీ1 ఆటగాడిని ఓ మూల నిలబెట్టి, అరవై నిమిషాలూ బంతి అందించకపోయినా ఫుట్‌బాల్ నియమం నెరవేరినట్టే. అప్పుడు వాడు అరటిపండు కాక మరేమిటి? వాడికి బంతి ఇవ్వడం వల్ల జట్టుకు లాభం ఉందని చెప్పే మాట ఆ నియమావళిలో లేదు. క్రికెట్‌లో ఉంది.

నేనూ చాలాకాలం ఇలాగే అనుకున్నాను. 2022 అంధుల టీ20 ప్రపంచ కప్ ఫైనల్ స్కోరు కార్డు ఆ నమ్మకాన్ని కదిపింది. బెంగళూరులో బంగ్లాదేశ్ మీద మన జట్టు 2 వికెట్లకు 277 పరుగులు చేసి 120 తేడాతో గెలిచింది. సునీల్ రమేశ్ 136, అజయ్ కుమార్ రెడ్డి అజేయంగా 100. సునీల్ బీ3, అజయ్ బీ2. అంటే 277లో 236 పరుగులు రెట్టింపు నియమంతో పనిలేకుండా వచ్చాయి. ఎవరినీ తప్పుపట్టలేం. గెలవడానికి వచ్చిన జట్టు ఎక్కువ కొట్టగలవాళ్లనే ముందు పంపుతుంది, వాళ్లు ఔట్ కాకపోతే వెనకవాళ్లకు బ్యాట్ అందదు. రెండు గరిటెల మాట నిజమే కానీ, పంక్తి మొదట్లోనే గుండిగ ఖాళీ అయితే ఆ గరిటెకు అందేది ఏముంటుంది?

ఇక్కడ ఫుట్‌బాల్ బలం తెలుస్తుంది. అందులో వంతు కోసం కాచుకోవడం లేదు. ఎఫ్‌టీ1 ఆటగాడు ఉన్నంతసేపూ బంతి ఏ క్షణాన్నైనా వాడి కాళ్ల దగ్గరికి రావచ్చు. అవతలి జట్టు వాణ్ణి వదిలేయడానికి లేదు. ఒకణ్ణి కాపలా పెట్టాల్సిందే. వాడు కుడివైపు తిరగలేడని పసిగట్టి, వాణ్ణి అటే నెట్టాలని చూస్తారు. ఇది నిర్దయగా అనిపించొచ్చు. నాకు మాత్రం ఇది గౌరవం. అరటిపండు బలహీనతను ఎవరూ అంత శ్రద్ధగా గమనించరు. క్రికెట్ విలువను అంకెగా రాసిచ్చింది, ఫుట్‌బాల్ సమయంగా ఇచ్చింది. రెండింట్లో ఒకటే దక్కుతుందంటే సమయమే కావాలంటాను. అంకె పలకాలన్నా ముందు మైదానంలో బంతి చేతికి అందే క్షణం రావాలి కదా.

ఇంత మంచి నియమమున్న ఆట వేదికను మాత్రం నిలబెట్టుకోలేకపోయింది. 1984 నుంచి పారాలింపిక్స్‌లో ఉన్న ఈ ఫుట్‌బాల్‌కు 2016 రియోనే ఆఖరు. ఆ ఫైనల్లో ఉక్రెయిన్ అదనపు సమయంలో 2-1తో ఇరాన్‌ను ఓడించింది. 2000 నుంచి అయిదుసార్లు జరిగిన పోటీల్లో స్వర్ణం రష్యా, ఉక్రెయిన్‌లను దాటి పోలేదు. టోక్యోకు ఈ ఆట ఉండదని 2015 జనవరిలోనే తేల్చేశారు. ప్రపంచంలో తగినంత విస్తృతంగా ఆడటం లేదన్నది చెప్పిన కారణం. అదే ఏడాది ఈ ఆట కోసం విడిగా ఒక అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది, ప్రపంచ పోటీలు నడుస్తూనే ఉన్నాయి. అంధుల క్రికెట్‌కు పారాలింపిక్స్ గడప తొక్కే యోగమే పట్టలేదు, కానీ మన దేశంలో అది వేళ్లూనుకుంది. ఎందుకు?

క్రికెట్ పిచ్చి అనడం తేలిక. నాకు తోచేది వేరు. చూపు లేని పిల్లలకు విడిగా బడులున్నాయి, హాస్టళ్లున్నాయి. ఊరికొకడు చొప్పున ఉన్నవాళ్లు అక్కడ పదకొండు మంది అవుతారు, సాయంత్రం బంతి గలగలమంటుంది. సెరిబ్రల్ పాల్సీ పిల్లలు ఎక్కడివాళ్లక్కడే ఉండిపోతారు, ఇంటి అరుగు మీద, అమ్మ కళ్ల ముందు. మా వీధివాడు తనలాంటి మరో పిల్లవాడితో ఎన్నడూ ఆడలేదు. ఎంత గొప్ప నియమమైనా ఇద్దరు కలిసిన తర్వాతే మొదలవుతుంది.

వాళ్లందరూ ఒకచోట చేరే రోజు ఒకటుంది, సదరం శిబిరం రోజు. పోయినసారి వాళ్లమ్మకు తోడుగా నేనూ వెళ్లాను. అక్కడ వైకల్యాన్ని శాతాల్లో కొలుస్తారు. కనీసం 40 ఉంటేనే పింఛను మాట. ఎంత చెయ్యలేడో చెబితేనే లెక్కలోకి వచ్చే చోటు అది. ఫుట్‌బాల్ వర్గీకరణలోనూ ఒంటిని కొలుస్తారు కానీ, ఆ కొలత చివర మైదానంలో ఒక చోటుంటుంది.

వరుసలో కూర్చున్న పిల్లల్లో చెయ్యి మడుచుకున్నవాళ్లను, మడమ ఎత్తి నడిచేవాళ్లను ఊరికే లెక్కపెట్టాను. ఏడుగురు తేలారు. మధ్యాహ్నానికి అందరి కాగితాలూ అయిపోయాయి. ఎవరి ఆటో వాళ్లెక్కి, రొంపిచర్లవైపు ఒకరు, పిడుగురాళ్లవైపు ఒకరు, నకరికల్లు అడ్డరోడ్డువైపు మేము, ఎటువాళ్లం అటు వెళ్లిపోయాం.