కడెం నుంచి కన్నెపల్లి దాకా ఒకే వరుసలో

2022 జులై 13న కడెం ప్రాజెక్టుకు దాని తాహతుకు మించిన వరద వచ్చింది. సుమారు 3 లక్షల క్యూసెక్కులు వదిలేలా కట్టిన ప్రాజెక్టు మీదికి 5 లక్షలకు పైగా వచ్చిపడింది. 18 గేట్లలో 17 ఎత్తారు, ఒకటి మొరాయించింది. కట్ట కింది ఊళ్లను ఖాళీ చేయించారు. మర్నాటికి మంచిర్యాలలో లోతట్టు కాలనీలు, మంథనిలో వీధులు జలమయమయ్యాయి. కాళేశ్వరం దగ్గర కన్నెపల్లి పంపుహౌస్ మునిగింది. 16వ తేదీన భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది.

ఆ వారం పత్రికలు ఇవన్నీ రాశాయి. మెయిన్ పేజీల్లో సారాంశం అందరికీ అందింది. ఏ గేటు ఎప్పుడు ఎత్తారు, ఏ ఊరికి రాకపోకలు ఆగిపోయాయి, ఏ వంతెన మీదుగా నీళ్లు పారుతున్నాయి అన్న అసలు వివరాలు మాత్రం జిల్లా పేజీల్లోనే ఉండిపోయాయి. శ్రీరాంసాగర్ ప్రాజెక్టు సంగతులు నిజామాబాద్ పేజీకి, కడెం నిర్మల్ పేజీకి, ఎల్లంపల్లి మంచిర్యాల, పెద్దపల్లి పేజీలకు వెళతాయి. గోదావరి దిగువన మంథనిలో పేపరు తెరిచిన మనిషికి నిర్మల్ పేజీ రాదు. పైన ఏం జరుగుతోందో తెలుసుకోవాల్సిన అవసరం అందరికన్నా ఎక్కువ అతనికే ఉంటుంది. ఆ పేజీలన్నిటినీ వేళల ప్రకారం ఒక్క వరుసలోకి తెచ్చి చూపించేది న్యూస్ ఫీడ్. ఫోన్‌లో దాన్ని ఎవరూ పనితనంగా లెక్కించరు. నా దృష్టిలో అది ఎంతో శ్రద్ధగా చేసిన పని. దానికి సరుకు అందించే మండల విలేకరిది అంతకన్నా పాత పనితనం.

1974లో విశాఖపట్నంలో మొదలైన ఈనాడు 1989లో జిల్లాకో చిన్న పత్రిక తెచ్చింది. ఆస్ట్రేలియా పండితుడు రాబిన్ జెఫ్రీ భారతీయ పత్రికల విప్లవం మీద 2000లో పుస్తకం రాస్తూ ఈ జిల్లా పత్రికలను ప్రత్యేకంగా పరిశీలించాడు. అంతవరకు ఉట్నూరు మండలంలో బోరు చెడిపోతే అది పేపరుకెక్కే వార్త కాదు. జిల్లా పేజీ వచ్చాక అయింది. మండలానికో కంట్రిబ్యూటర్ వచ్చాడు. తెల్లకాగితం మీద రాసి, కవర్లో పెట్టి, సాయంత్రం ఆర్టీసీ బస్సు డ్రైవర్ చేతికిస్తే అది జిల్లా కేంద్రం చేరేది. ఈనాడు పేజీల్లో ఊరిపేరు పక్కన కనిపించే ‘న్యూస్‌టుడే’ ఈ గ్రామీణ వ్యవస్థ గుర్తే. 2008 మార్చిలో సాక్షి ఒకేసారి 23 ఎడిషన్లతో రావడం, 2011లో నమస్తే తెలంగాణ మొదలవడం ఆ పోటీని ఇంకా కిందికి, నియోజకవర్గాల దాకా దింపాయి.

2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి. ఆదిలాబాద్ నాలుగుగా చీలింది: ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్. కరీంనగర్‌లో కొన్ని మండలాలు పక్క జిల్లాల్లోకి పోగా మిగిలింది కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల అయింది. పేజీలు ఇంకా చిన్న ముక్కలయ్యాయి. జనం నోట మాత్రం ‘ఉమ్మడి కరీంనగర్’, ‘ఉమ్మడి ఆదిలాబాద్’ అలాగే నిలిచిపోయాయి. సంతలు, చుట్టరికాలు, వాగులు కొత్త హద్దులను పట్టించుకోవు కదా.

ఇక వార్తను దగ్గరగా చూద్దాం. వానాకాలంలో రోజూ వచ్చే ప్రాజెక్టు నీటిమట్టం ఐటమ్‌ను తీసుకుందాం. సింగిల్ కాలమ్, ఐదారు వాక్యాలు. ముందు పూర్తి నీటిమట్టం, తర్వాత ఇప్పటి మట్టం, ఆపైన ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో, ఎన్ని గేట్లు ఎంత ఎత్తు లేపారు, చివర నది ఒడ్డు ఊళ్లకు హెచ్చరిక. ఈ వరుసలో ఒక తర్కం ఉంది. మొదటి రెండు అంకెలు కలిపి చదివితే డ్యాంలో ఇంకా ఎంత చోటుందో తెలుస్తుంది. తర్వాతి రెండూ కలిపితే ఆ చోటు ఎంతసేపట్లో నిండుతుందో అంచనా దొరుకుతుంది. పొలానికి పోవాలా, మోటారు విప్పుకొని తెచ్చుకోవాలా అని తేల్చుకోవడానికి రైతుకు ఆ నాలుగు అంకెలు చాలు. విశేషణం ఒక్కటీ కనిపించదు. భయపెట్టే మాట కూడా ఉండదు.

కొలమానాల విషయంలో విలేకరి పాటించే నియమం నాకు మరీ ఇష్టం. కడెం పూర్తి మట్టం 700 అడుగులు. శ్రీరాంసాగర్ 1091 అడుగులు. ఎల్లంపల్లి మాత్రం 148 మీటర్లు, నిల్వ 20.175 టీఎంసీలు. ఒకచోట అడుగులు, ఇంకోచోట మీటర్లు. అన్నిటినీ ఒకే కొలతలోకి మార్చి పొందికగా చూపించాలన్న మోజు మండల విలేకరికి ఉండదు. ఏ ప్రాజెక్టు దగ్గర ఇంజినీరు, గేట్లు చూసే లష్కరు, రైతు ఏ అంకెతో మాట్లాడుకుంటారో ఆ అంకెతోనే రాస్తాడు. కడెం కింద వ్యవసాయం చేసేవాడికి ‘698 అడుగులు’ అంటే గేట్లు లేపబోతున్నారని చెప్పకనే చెప్పినట్టు. దాన్నే మీటర్లలో చెబితే ఆ ఎరుక పోతుంది. చలికాలంలో సిర్పూర్(యు), గిన్నెధరి, అర్లి(టి) అంటూ వచ్చే కనిష్ఠ ఉష్ణోగ్రతల ఐటమ్‌లోనూ ఇదే కట్టుబాటు. ఊరిపేరు పక్క బ్రాకెట్‌లోని ఆ ఒక్క అక్షరం వదిలేస్తే అదే పేరున్న ఇంకో ఊరు అనుకునే ప్రమాదముంది. దాన్ని ఎవరూ వదలరు.

ఇప్పుడు ఫీడ్ సంగతి. 1999లో నెట్‌స్కేప్ సంస్థలో పుట్టి, 2002లో 2.0 రూపానికి వచ్చిన ఆర్ఎస్ఎస్ అనే ఫైలు పద్ధతి దీనికి ఆధారం. సైటులో కొత్త వార్త పడినప్పుడల్లా శీర్షిక, లింకు, రెండు ముక్కల సారాంశం, పెట్టిన వేళ ఒక జాబితాలో చేరతాయి. రీడర్ యాప్ ఆ జాబితాను మధ్యమధ్య చూసి కొత్తవి తెచ్చి పెడుతుంది. అంతే. మీరేం ఇష్టపడతారో అది ఊహించదు. నిన్న సినిమా వార్త తెరిచారు కదా అని నేడు గేట్ల వార్తను కిందికి తోయదు. ఏ వార్త ఎప్పుడు పడిందో ఆ వేళ ప్రకారమే దాని చోటు. వరద వార్తకు ఇంతకన్నా న్యాయమైన అమరిక నాకు తెలియదు.

దీనిలో రెండు చిన్న అమరికలు ఎంతో ఆలోచించి చేసినవి. ఒకటి వేళ. గడియారంలో గంట చెప్పి ఊరుకోకుండా, పక్కన ‘+0530’ అని మన దేశ సమయాన్ని కూడా రాయొచ్చు. జగిత్యాల, సిరిసిల్ల పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లు వేలమంది. తెల్లవారుజామున 4.30కి ఇక్కడ పడిన వార్త, దుబాయ్‌లోని ఫోన్‌లో 3 గంటల వార్తగా సరిగ్గా కనిపిస్తుంది. ఊళ్లో చెరువు తెగిందన్న కబురు చదివేవాడికి అది ఇప్పటిదా, నిన్నటిదా అన్నది చిన్న విషయం కాదు. రెండోది ప్రతి వార్తకూ ఇచ్చే మారని గుర్తు. పొద్దున 8 గంటలకు పెట్టిన వార్తలో 10 గంటలకు అంకెలు మారిస్తే, గుర్తు అదే కాబట్టి రీడర్ పాతదాన్నే సవరించి చూపగలదు. దీన్ని సరిగ్గా పాటించని సైట్ల నుంచి ఒకే వార్త ఐదారుసార్లు వచ్చి చికాకు పెడుతుంది.

ఫీడ్ పోగొట్టేదీ ఉంది. పేజీలో డెస్క్‌వాళ్లు నాలుగు కాలమ్‌ల బ్యానర్ పెడితే ఆ వార్త బరువు చూడగానే తెలుస్తుంది. ఫీడ్‌లో కాగజ్‌నగర్ అడవిలో పులి దాడికీ, కలెక్టరేట్‌లో సమీక్ష సమావేశానికీ ఒకే సైజు. శీర్షిక ఒక్కటే మొత్తం బరువు మోయాలి. ఇక్కడే మండల విలేకరి, జిల్లా డెస్క్ సబ్ ఎడిటర్ కలిసి చేసే పని గొప్పతనం బయటపడుతుంది. ‘కడెం 4 గేట్లు ఎత్తివేత’ వంటి శీర్షికలో చోటు, సంఖ్య, జరిగిన పని మూడూ ఉన్నాయి. లింకు తెరవకపోయినా విషయం అందింది. అదే ఫీడ్‌లో దాని పక్కనే ‘కడెం వద్ద ఏం జరిగిందంటే..’ అని వెబ్ కోసం వండిన శీర్షిక కనిపిస్తుంది. అది పాఠకుడికి ఏమీ చెప్పదు, తెరిచేదాకా ఊరిస్తుంది. పత్రికలు ఇలాంటివి మానుకోవాలని గట్టిగా కోరుకుంటున్నాను. కాలమ్ వెడల్పుకు మాటలు కుదించడం నేర్చిన జిల్లా డెస్క్ రాసిన శీర్షికలే ఫోన్ తెర మీద నిలబడుతున్నాయి.

ఇదంతా వీలుకావడానికి యూనికోడ్ రావాల్సి వచ్చింది. 2000ల తొలి ఏళ్లలో తెలుగు పత్రికల సైట్లు తలా ఒక సొంత ఫాంటు వాడేవి. ఒక సైటు అక్షరాలు ఇంకోచోట అతికిస్తే పిచ్చిగీతలే. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ కోసం వెన్న నాగార్జున రాసిన ‘పద్మ’ ఆ ఫాంటుల అక్షరాలను యూనికోడ్‌లోకి మార్చి చూపేది. తెలుగు ఆన్‌లైన్ పాఠకులు ఆయనకు ఎంతో రుణపడి ఉన్నారు. సైట్లే యూనికోడ్‌లోకి మారాక, ఫీడ్‌లో మన ఊరిపేరు పెట్టి వడకట్టడం సాధ్యమైంది.

వడపోతలో మాత్రం కొంత ఓపిక కావాలి. ‘కాగజ్‌నగర్’లో జ్, న మధ్య కంటికి కనబడని ఒక అక్షరం ఉంటుంది. ఆ రెండూ ఒత్తుగా కలిసిపోకుండా అడ్డుకోవడం దాని పని. అది లేకుండా టైపు చేసి వెతికితే, అది ఉన్న వార్తలు దొరకవు. ఆసిఫాబాద్ జిల్లాకైతే కుమురం భీం, కొమురం భీం, కుమ్రం భీం అని మూడు రాతలూ పెట్టాలి. లక్సెట్టిపేట, లక్షెట్టిపేట రెండూ ఉండాలి. గోదావరి కోసం వడపోత పెట్టుకునేవాళ్లకు బాబ్లీ, శ్రీరాంసాగర్, కడెం, ఎల్లంపల్లి, మేడిగడ్డ చాలు. సుప్రీంకోర్టు 2013 తీర్పు ప్రకారం ఎగువనున్న బాబ్లీ బ్యారేజీ గేట్లు ఏటా జులై 1న ఎత్తుతారు. ఏ ఏడాదైనా వరుసలో మొదటి వార్త అదే.