అద్దం అవతలి చెవి

మైకు ముందు నిలబడే మనిషికి మన దగ్గర కాస్తో కూస్తో పేరుంది. సుమన్‌కీ రాజశేఖర్‌కీ గొంతిచ్చింది సాయికుమార్ అనీ, విజయశాంతి మాటల వెనక సరిత ఉందనీ, తెలుగులో కమల్‌హాసన్ మాట్లాడితే అది ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతనీ సినిమా చూసేవాళ్ళలో చాలామందికి తెలుసు. నంది అవార్డుల్లో డబ్బింగ్‌ కళాకారులకు విడిగా బహుమతులు పెట్టారు. అద్దానికి అవతల కూర్చున్న మనిషి పేరు మాత్రం ఎవరికీ పట్టదు. డబ్బింగ్ ఇన్‌చార్జ్ కావచ్చు, సౌండ్ ఇంజనీరు కావచ్చు, ఒక్కోసారి దర్శకుడే కావచ్చు. ఆయన పని వినడం. విన్నాక టాక్‌బ్యాక్ మీట నొక్కి "వన్ మోర్" అనడం. ఎందుకు ఇంకోసారి చెప్పాలో రెండు మాటల్లో చెప్పగలిగితే మంచి ఇన్‌చార్జ్, చెప్పలేకపోతే మామూలు ఇన్‌చార్జ్. ఎలాంటివాడైనా, మొహమాటానికి "ఓకే" అనడు. తప్పు టేకు తెరమీదికి వెళితే మాట పడేది ఆయనే.

ఇప్పుడు గొంతు పని చాలావరకు ఇంటికి వచ్చేసింది. బీరువాలో బట్టల మధ్య మైకు పెట్టుకుని, దుప్పటి కప్పుకుని ఆడియో పుస్తకాలు చదివేవాళ్ళున్నారు. ప్రకటనలకూ, పాఠాల వీడియోలకూ, యూట్యూబ్ కథలకూ గొంతిచ్చేవాళ్ళు ఊరూరా ఉన్నారు. మంచిదే. మద్రాసు రైలెక్కి, స్టూడియో గేటు దగ్గర పడిగాపులు కాయాల్సిన రోజులు పోయాయి. వాటితోపాటే అద్దం అవతలి చెవి కూడా పోయింది. దాని బదులు మనం చేస్తున్నదల్లా ఫైలు వాట్సాప్‌లో పదిమందికి పంపి, "ఎలా ఉంది?" అని అడగడం. పది బొటనవేళ్ళు వస్తాయి. మేనత్త రెండు దండాలు కూడా పెడుతుంది.

పాతకాలపు డబ్బింగ్‌లో నిజం చెప్పే ఏర్పాటు పనిలోనే ఉండేది. శ్రీశ్రీ మాటలూ పాటలూ రాసిన 'ఆహుతి' సినిమా 1950లో హిందీ నుంచి తెలుగులోకి డబ్ అయి వచ్చింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు నడిచింది లూపుల పద్ధతి. సీనును చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క మొదలూ చివరా అతికించి ప్రొజెక్టర్‌కు ఎక్కిస్తే, అదే షాట్ మళ్ళీ మళ్ళీ తెరమీద తిరిగేది. ఆ పెదవులతో మాట కలిసేదాకా చెప్పాల్సిందే. సీనులో నలుగురుంటే నలుగురూ ఒకే మైకు చుట్టూ నిలబడేవారు. ఒకడు తడబడితే అందరూ మొదటికి రావాలి. పక్కవాడి నిట్టూర్పును మించిన విమర్శ ఉండదు. డిజిటల్ వచ్చాక ఎవరి ట్రాకు వారిది, ఎవరి సమయం వారిది. ఒంటరిగా వచ్చి, తన మాటలన్నీ చెప్పేసి వెళ్ళొచ్చు. తోటివారి ముఖం చూసి దిద్దుకునే అవకాశం అక్కడే తగ్గింది. ఇంటి బీరువా దగ్గరికి వచ్చేసరికి అదీ లేదు.

మన గొంతు మనమే విని దిద్దుకోలేమా? కొంతవరకే. మాట్లాడుతున్నప్పుడు మన గొంతు మనకు రెండు దారుల్లో చేరుతుంది. గాలి ద్వారా చెవిలోకి వచ్చేది ఒకటి, కపాలం ఎముకల ద్వారా లోపలినుంచి వచ్చేది మరొకటి. ఎముకల దారిలో మంద్రధ్వనులు బలంగా వస్తాయి. అందుకే మనకు మన గొంతు నిండుగా, బరువుగా వినిపిస్తుంది. రికార్డింగ్‌లో రెండో దారి ఉండదు. పలచగా, ఎవరిదో అన్నట్టుగా ఉంటుంది. "ఛ, ఇది నా గొంతా" అని ముఖం తిప్పుకోని మనిషి అరుదు. 1966లో ఫిలిప్ హోల్జ్‌మన్, క్లైడ్ రౌసీ అనే ఇద్దరు ఈ ఇబ్బంది మీద పరిశోధన ప్రచురించారు. చిక్కంతా ధ్వనిలోనే లేదని వాళ్ళ అభిప్రాయం. మనం దాచామనుకున్న బెదురూ తటపటాయింపూ రికార్డింగ్‌లో బయటపడతాయి, వినలేకపోవడానికి అదీ కారణమే అన్నారు. కాబట్టి కొత్తవాళ్ళు తమను తాము అవసరానికి మించి తిట్టుకుంటారు. పాతబడ్డాక ఆ గొంతుకు అలవాటుపడి ఏ తప్పూ వినిపించుకోరు. రెండు సందర్భాల్లోనూ తీర్పు చెడుతుంది.

మరి వినేవాడు దేనికోసం వినాలి? ఈ విషయంలో మనవాళ్ళు చాలాకాలం క్రితమే లెక్క రాసిపెట్టారు. వేదం చదివే తీరు గురించి చెప్పే పాణినీయ శిక్షలో చెడ్డ పాఠకులు ఆరు రకాలు. రాగం తీస్తూ చదివేవాడు, తొందరగా చదివేవాడు, తల ఆడిస్తూ చదివేవాడు, రాసినదాన్ని చూసి చదివేవాడు, అర్థం తెలియకుండా చదివేవాడు, గొంతు పెగలనివాడు. వేదపాఠశాల కోసం చేసిన ఈ జాబితాను ఏ డబ్బింగ్ థియేటర్ గోడకైనా అంటించవచ్చు. తల ఆడించేవాడినే తీసుకోండి. చూడ్డానికి బాగుండదని పెద్దలు వద్దన్నారేమో గానీ, మైకు ముందు అది నేరుగా ధ్వని దోషం. తల కదిలిన ప్రతిసారీ నోటికీ మైకుకూ దూరం మారుతుంది, ఒక మాట దగ్గరగా, ఇంకో మాట పక్కగదిలోంచి వచ్చినట్టు పడుతుంది. రాగం తీసేవాళ్ళకు ఈ రోజుల్లో కొదవే లేదు. ప్రతి వాక్యం చివరా గొంతు పైకెత్తి వదిలే రీల్స్ బాణీ ఒకటి తయారైంది, వంట గురించి చెప్పినా వరద గురించి చెప్పినా అదే బాణీ. నా మటుకు నాకు ఆ ఆరుగురిలో అందరికంటే ప్రమాదకారి అర్థం తెలియనివాడు. మిగతా అయిదు దోషాలూ చెవికి తెలుస్తాయి. చక్కటి గొంతూ, స్పష్టమైన ఉచ్చారణా ఉండి అర్థం పట్టకుండా చదివేవాడు మాత్రం సులువుగా దొరకడు.

అర్థం పట్టిందో లేదో తెలిసేది విరుపులో. "పాత పుస్తకాల కొట్టు" అన్న మూడు మాటల్లో 'పాత' తర్వాత ఆగితే కొట్టు పాతది, 'పుస్తకాల' తర్వాత ఆగితే పుస్తకాలు పాతవి. కాగితం మీద ఏ గుర్తూ ఉండదు, గొంతే చెప్పాలి. అంతకంటే ముఖ్యమైనది వాక్యం చివర. తెలుగులో క్రియ ఆఖరికి వస్తుంది, అవునో కాదో కూడా అక్కడే తేలుతుంది. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి మనకు ఊపిరి అయిపోతుంది. "ఈ మాత్ర ఖాళీ కడుపుతో వేసుకోకూడదు" అన్న వాక్యంలో చివరి మూడక్షరాలు గొంతులోనే ఉండిపోతే, వినేవాడికి మిగిలేది "వేసుకో". ఆసుపత్రి వీడియోకు గొంతిచ్చిన మనిషి ఒక్క అక్షరం తప్పు పలక్కుండా అర్థం తలకిందులు చేయగలడు. ఇలా ఆఖరి మాట మింగే అలవాటు తెలుగు గొంతు కళాకారుల్లో చాలామందికి ఉంది. ఉన్నట్టు వాళ్ళకు తెలియదు, ఎందుకంటే స్క్రిప్టు వాళ్ళ కళ్ళముందే ఉంటుంది. చెవికి అందనిది కన్ను పూరిస్తుంది.

దీన్ని పట్టుకునే ఉపాయం చాలా తేలిక. స్క్రిప్టు చూడని మనిషికి రెండు నిమిషాల రికార్డింగ్ ఇచ్చి, విన్నది విన్నట్టు రాయమనండి. అభిప్రాయం అడగొద్దు, రాత మాత్రమే అడగండి. కల అన్నచోట 'కళ' అని రాశారా, గడ్డి 'గడి' అయిందా, 'కూడదు' ఎగిరిపోయిందా, అన్నీ ఆ కాగితం మీద ఉంటాయి. మొహమాటపడే వీలు లేని విమర్శ ఇది. మేనత్త కూడా అబద్ధం చెప్పలేదు. మరో పద్ధతి, విన్న అయిదు నిమిషాలకు ఏం గుర్తుందో అడగడం. "గొంతు భలే ఉందిరా" తప్ప ఇంకేమీ గుర్తులేకపోతే పని చెడినట్టే. అది మెచ్చుకోలే కానీ, అందులో నాకు తక్కువ మార్కులే కనిపిస్తాయి. 'అన్నమయ్య'లో వేంకటేశ్వరుడి వేషం వేసిన సుమన్‌కు గొంతిచ్చింది సాయికుమార్ కాదు, బాలసుబ్రహ్మణ్యం. అయినా బాలసుబ్రహ్మణ్యం మాట్లాడుతున్నాడని హాల్లో కూర్చున్నవాడు అనుకుంటూ కూర్చోలేదు. ఎరిగిన గొంతే అయినా, సీను నడుస్తున్నంతసేపూ దేవుడే మాట్లాడాడు.

ఇంకో ఉపాయం ఆకాశవాణి నుంచి తెచ్చుకోవచ్చు. కేంద్ర సమాచార ప్రసార శాఖను బి.వి. కేస్కర్ చూస్తున్న 1950లలో సంగీత కళాకారులకు ఆడిషన్ పద్ధతి కట్టుదిట్టం చేశారు. పాడేవారెవరో తీర్పరులకు కనిపించకుండా తెర అడ్డుపెట్టారు. దానిమీద అప్పట్లో పెద్ద విద్వాంసులకు కోపం వచ్చింది, ఇన్నేళ్ళు పాడినవాళ్ళకు పరీక్షేమిటని. వాళ్ళ కోపంలో న్యాయం ఉండొచ్చు. అయినా కొత్తవాడికి ఆ తెర చేసే మేలు వేరే ఏదీ చేయదు. మీ ముక్కను ఇంకో ముగ్గురి ముక్కలతో కలిపి, పేర్లు తీసేసి, ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలు వేసి పంపండి. "వీటిలో మీ ప్రకటనకు డబ్బు పెట్టి ఏది తీసుకుంటారు?" అని అడగండి. 'ఎలా ఉంది' అంటే మర్యాద మాట్లాడుతుంది, 'ఏది తీసుకుంటారు' అంటే జేబు మాట్లాడుతుంది.

ఎవరిని అడగాలన్నది ఇంకో సంగతి. అందరినీ అన్నీ అడగడం వల్లే గందరగోళం. చాపలోని చకారమూ చీరలోని చకారమూ ఒకటి కావని పట్టుకోవడానికి పల్లెలో పెరిగిన పెద్దావిడ చాలు. శ, ష, స తేడాలకు తెలుగు మాస్టారు కావాలి. పకారం దగ్గర మైకులో గాలి కొట్టిందా, ఫ్యాను చప్పుడు పడిందా అన్నది ఇంజనీరు చెప్పాలి. కథ నడిచిందా లేదా అన్నది పన్నెండేళ్ళ పిల్లవాడికి తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు, విసుగొస్తే లేచి వెళ్ళిపోతాడు. మీది గుంటూరైతే కరీంనగర్ వాళ్ళకూ, మీది వరంగల్ అయితే శ్రీకాకుళం వాళ్ళకూ ఒకసారి వినిపించండి, మాట అందిందా అని అడగండి. యాసను తప్పుగా ఎంచేవాళ్ళ మాట మాత్రం పట్టించుకోవద్దు. సొంత యాస దోషం కాదు, అరువు తెచ్చుకున్నది నాలుగో వాక్యానికే జారిపోతుంది. వాయిస్ కోర్సు అమ్మేవాళ్ళ అభిప్రాయం కూడా పక్కన పెట్టాల్సిందే. వాళ్ళు భయపెట్టినా పొగిడినా చివరికి ఫీజు దగ్గరే తేలుతుంది. దానికంటే, పాతికేళ్ళు థియేటర్లో కూర్చున్న ఇన్‌చార్జ్ ఎవరినైనా పట్టుకుని, ఒక గంటకు ఇంత అని ముందే మాట్లాడుకుని వినిపించడం నయం. చెవికి కూలి ఇవ్వడం మనకింకా అలవాటు కాలేదు. పుడిపెద్ది జోగేశ్వరశర్మ గారి పిల్లలు సాయికుమార్, రవిశంకర్‌లకు డబ్బింగ్ తెలిసిన తండ్రి ఇంట్లోనే ఉన్నారు. మిగతావాళ్ళం వెతుక్కోవాలి.

విమర్శ వచ్చాక ఏం చేయాలి? సంజాయిషీ చెప్పకండి. "అప్పుడు జలుబు", "స్క్రిప్టే అలా ఉంది" అనగానే అవతలివాళ్ళు మర్యాదలోకి వెళ్ళిపోతారు, ఇంక నిజం రాదు. విన్నది రాసుకోండి, రెండు రోజులు ఆగి రికార్డింగ్ మళ్ళీ వినండి. ముగ్గురు ఒకేచోట ఆగారంటే జబ్బు అక్కడ ఉన్నట్టే, అయితే ముగ్గురూ చెప్పిన మందు మాత్రం తప్పు కావచ్చు. "ఇంకా భావం పెట్టు" అన్నచోట తీరా చూస్తే వేగం తగ్గించడమే సరిపోతుంది. చదివే తీరు గురించి వచ్చే విమర్శనూ గొంతు గురించి వచ్చే విమర్శనూ కలపకండి. చదివే తీరు దిద్దుకోవచ్చు. "బేస్ లేదు" అన్నారని గొంతు బలవంతంగా కిందికి తొక్కి మాట్లాడితే స్వరతంత్రులు దెబ్బతినొచ్చు, ఎవరి గొంతో తెచ్చిపెట్టుకున్నట్టు కూడా ఉంటుంది. రవిశంకర్ 'అరుంధతి'లో పశుపతికి ఇచ్చిన గొంతు విని అలా అరవబోయి గొంతు పోగొట్టుకోకండి.

ఈసారి ఫైలు పంపేటప్పుడు కింద "ఎలా ఉంది?" అని రాయకండి. "ఏ నిమిషంలో మీ ధ్యాస పక్కకు పోయింది?" అని రాయండి. జవాబు ఇవ్వడానికి ఎవరికీ మొహమాటం ఉండదు, ఆ నిమిషం ఎక్కడో మీకు తెలుస్తుంది.