ఇత్తడి మాటు

స్టీలు సైకిలు ఫ్రేము గొప్పదనం గొట్టం లోపల దాక్కుంటుంది. 1897లో బర్మింగ్‌హామ్‌కు చెందిన రేనాల్డ్స్ పేటెంటు తీసుకున్న గొట్టం పైకి ఒకే లావు. లోపల మాత్రం చివర్లు మందం, నడుమ పలచన. నేటి కొన్ని గొట్టాల్లో చివర 0.8 మిల్లీమీటర్లుంటే నడుమ 0.5 ఉంటుంది. అతుకు పడేది మందం ఉన్నచోటే. సుమారు 900 డిగ్రీల సెల్సియస్ దగ్గర అతుకు వేసే ఇత్తడి కరిగి గొట్టాల సందులోకి పాకుతుంది. మంట మితిమీరితే ఉక్కు చెడుతుంది. ఎరుపు చూసి వేడి పోల్చుకునే కన్ను ఉండాలి.

కంకర దారికీ దూర ప్రయాణానికీ ఇలాంటి ఫ్రేముతో కట్టిన బండిలో నాకు ముచ్చటగా అనిపించేది, చిత్రంగా, ఖాళీ జాగా. లావు టైరుకీ మడ్‌గార్డుకీ చోటు వదలాలి. పెడళ్ల దగ్గర్నుంచి వెనక చక్రానికి పోయే గొట్టం, చెయిన్‌స్టే, పొడుగ్గా ఉండాలి. లేదంటే తొక్కినప్పుడల్లా మడమ క్యారియర్ సంచికి తగులుతుంది. రేసు బండివాళ్లు ఇలాంటి ఉక్కు బండిని దండగ బరువంటారు. అననివ్వండి! ఉక్కు కాబట్టి, దారిలో ఫ్రేము విరిగితే చెయ్యి తిరిగిన వెల్డరు అతికిస్తాడు.