చందమామ గద్యము - మఱుగుపడిన కర్తలు

‘చందమామ’ బాలల మాసపత్రిక 1947 జులై నెలలో చెన్నపురియందు నాగిరెడ్డి, చక్రపాణిగార్లచే స్థాపింపఁబడి, 2013 నాఁటికి నిలిచిపోయినది. నేఁడు దానిని దలఁచుకొనువారు మిక్కిలిగా బొమ్మలను, అట్టమీఁది రంగులను, బేతాళుని తుదిప్రశ్నను బొగడుదురు. ఆ పొగడ్త అనుచితము గాదు, అసంపూర్ణము మాత్రమే. ఆ కథలను నడపిన గద్యమును గుఱించిన విచారణ అందు అరుదు.

స్వర్ణముఖీతీరమందలి వాకాడు 2022 వఱకు నెల్లూరు జిల్లాలోనిది. ఇప్పుడు తిరుపతి జిల్లాలోనిది. ఈ తీరపు వాడుకలో అరవపు సాంగత్యము గలదు. కృష్ణాతీరపు పలుకుబడి వేఱు, తెలంగాణపు పలుకుబడి వేఱు. అట్లయ్యును వాకాటి బాలుఁడును ఓరుగంటి బాలుఁడును నిఘంటువు నాశ్రయింపక యొకే కథను జదువఁగలిగిరి. ఇందుకు హేతువు ఆ వాక్యరచనయే. వాక్యము చిన్నది, విశేషణములు మితములు, ఒక పని ముగిసినఁగాని మఱియొక పని మొదలు గాదు, ఏ యొక్క సీమ యాసయుఁ బైకి రాదు.

ఇట్టి శైలి తనంతఁ బుట్టునది గాదు. 1952 మొదలు 1980లోఁ గీర్తిశేషులగునంతవఱకు కొడవటిగంటి కుటుంబరావుగారు పత్రిక రచనాభారమును వహించిరి. చక్రపాణిగారి జీవితకాలమున సంపాదకులుగా ముద్రితమైనది వారి నామమే. ‘తోకచుక్క’, ‘మకరదేవత’, ‘రాతిరథం’ మున్నగు ధారావాహికలను రచించినవారు దాసరి సుబ్రహ్మణ్యముగారు. పత్రికలో ఆ కథలకు వారి పేరు లేదు. చిత్రా, శంకర్ గార్ల సంతకములు మాత్రము బొమ్మల మూలలఁ గానవచ్చుచుండెను. కావుననే పాఠకుల జ్ఞాపకమున చిత్రకారులు నిలిచిరి, గద్యకారులు మఱుగుపడిరి.

కథకుఁ గర్తృనామ మేల, జానపదకథకుఁ గర్త గలఁడా యని యాక్షేపింపవచ్చును. పలువురి నోళ్ళ నలిగిన కథకు ఆ న్యాయము చెల్లును. ఒక్కని కల్పనయైన ధారావాహికకుఁ జెల్లదు. మఱియు ‘చందమామ’ మలయాళమున ‘అంబిలి అమ్మావన్’ అను పేరను వెలువడినది. కర్త పేరు లేని కథ భాష మాఱినపుడు తన పుట్టినింటిని గూడఁ గోలుపోవును.

సుబ్రహ్మణ్యముగారి ధారావాహికలు అనంతరకాలమున పుస్తకరూపమున వారి పేరితో వెలువడుట తగిన దిద్దుబాటు. పాఠశాలా పండితులు ‘చందమామ’ కథ నుదాహరించునపుడు పత్రిక పేరితోఁ దృప్తిపడక, తెలిసినచోటఁ గర్తను గూడఁ బేర్కొనుట న్యాయము. సంచికల వారీగా రచయితల పట్టికను గూర్చుట పరిశోధకుల పని. కర్తలను విడిచి పత్రికను మాత్రమే స్మరించుట తమ బాల్యమును స్మరించుటయే యగును. సాహిత్యమును స్మరించుట గాదు.