ఎమర్సన్ వ్రాసిన "స్వావలంబనము"

మనుష్యుడు తన్ను తాను నమ్ముకొనవలెనని బోధించు వ్యాసమొకటి చేతికి వచ్చినప్పుడు విశ్వాసి దానిని చదువవచ్చునా? సొంత తెలివిమీద ఆనుకొనరాదని ఆదివారపు బడిలోనే నేర్చుకొన్నవారము గనుక మూసి పక్కన పెట్టుట సులభమే. అయినను రాల్ఫ్ వాల్డో ఎమర్సన్ అను అమెరికా రచయిత 1841లో ప్రకటించిన "స్వావలంబనము" అను వ్యాసమును మూయకముందు ఒకసారి చదువుడని మిమ్మును కోరుచున్నాను. దానిని వ్రాసినవాడు గుడి గుమ్మము తొక్కనివాడు కాడు. ఆయన ఒకప్పుడు సంఘ కాపరి.

ఎమర్సన్ 1803లో బోస్టన్ పట్టణమందు ఒక కాపరి యింటనే పుట్టెను. 1829లో ఆ పట్టణములోని సెకండ్ చర్చి అను సంఘమునకు కాపరిగా అభిషేకింపబడెను. అది త్రిత్వ సిద్ధాంతమును ఒప్పుకొనని యూనిటేరియను శాఖ. 1831లో ఆయన భార్య ఎల్లెన్ ఇరువది యేండ్లు నిండకయే క్షయరోగముచే చనిపోయెను. మరుసటి యేడు ప్రభువు రాత్రి భోజనమును గూర్చి ఆయనకును సంఘమునకును భేదము వచ్చెను. రొట్టెయు ద్రాక్షారసమును లేకుండ, జ్ఞాపకార్థముగా మాత్రమే దానిని జరుపుకొందమని ఆయన అడిగెను. సంఘము ఒప్పుకొనలేదు. ఆయన 1832 సెప్టెంబరు 9న తన తలంపును ప్రసంగ పీఠము నుండియే దాపరికము లేకుండ చెప్పి, పని విడిచిపెట్టెను.

ప్రభువు ఆ భోజనమును ఎల్లకాలపు ఆచారముగా ఏర్పరచలేదని ఆయన వాదము. అది నాకు సమ్మతము కాదు. పౌలు కొరింథీ సంఘమునకు వ్రాసిన దానికి ఎమర్సన్ ఇచ్చిన సమాధానము చాలదు. అయితే ఆయన వెళ్లిన విధమును చూడుడి. సగము మందిని వెంటబెట్టుకొని పోలేదు. ఎదురు వీధిలో ఇంకొక గుడి కట్టలేదు. మనస్సు ఒప్పని సంస్కారమును జీతము కొరకు నడిపింపలేదు. సంఘములు చీలిపోవుట కన్నులారా చూచినవారికి ఈ సంగతి విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

ఒక మాట దాచరాదు. తరువాతి సంవత్సరములలో ఎల్లెన్ ఆస్తినుండి ఆయనకు ఏటేటా సుమారు 1,200 డాలర్లు రాబడి వచ్చెను. ఎవరిమీదను ఆధారపడవద్దని వ్రాసిన చేతికి ఆ ఆధారమున్నది. కూలికి పోయి దినము గడుపుకొను చదువరి దీనిని జ్ఞప్తియందుంచుకొని చదువుట న్యాయము.

ఇక వ్యాసము. ఎమర్సన్‌నకును ఆయన స్నేహితులకును ట్రాన్సెండెంటలిస్టులని పేరు. కంటికి కనబడి చెవికి వినబడు వాటికి పైనున్న సత్యమును మనుష్యుని ఆత్మ నేరుగా ఎరుగగలదని వారి నమ్మిక. అందుచేత లోపలి స్వరమును విడిచి లోకాచారమును పట్టుకొనువాడు తన్ను తాను పోగొట్టుకొనుచున్నాడని ఎమర్సన్ వాదించెను. మన పల్లెలలో "నలుగురితో నారాయణ" అందురు గదా, ఆయన దెబ్బ సరిగా అక్కడనే తగులును. నిన్న ఒకటి చెప్పితిని గనుక నేడును అదియే చెప్పవలెనను పట్టుదలను కూడ ఆయన ఎగతాళి చేసెను. ప్రార్థనను గూర్చి వ్రాసిన చోటు నాకు మిక్కిలి నచ్చినది. తనకు కావలసిన లాభమును మాత్రమే అడుగు ప్రార్థనను ఆయన గట్టిగా గద్దించి, పొలములో కలుపు తీయుటకు మోకాళ్లూనిన రైతు చేయునదియు ప్రార్థనయే అనెను. కలుపు తీసిన మోకాళ్లు గలవారికి ఈ వాక్యము ఎవరును విప్పి చెప్పనక్కరలేదు.

వ్యాసపు అల్లిక మాత్రము సడలి యున్నది. దినచర్య పుస్తకములనుండియు ఉపన్యాసములనుండియు ఏరి కూర్చినది గనుక ముత్యములు కనబడునే గాని దారము కనబడదు. నాలుగు వాక్యములు చదివి పుస్తకము మూసి ఆలోచించువారికి ఇది హాయి. మొదటినుండి తుదివరకు ఒక వాదమును వెంబడింపగోరువారికి విసుగు పుట్టును.

అల్లిక కంటె పెద్ద లోపము దానమును గూర్చిన భాగములో నున్నది. తనకు సంబంధించని బీదలకు డాలరిచ్చుటకు తనకు మనస్సొప్పదనియు, అప్పుడప్పుడు లొంగిపోయి ఇచ్చుట తనకు సిగ్గనియు ఆయన వ్రాసెను. వీరు నా బీదలా అని అడిగెను. పేరు కొరకు చేయు ధర్మమును గద్దించుటయే ఆయన ఉద్దేశమని కొందరు సమర్థింతురు. అది కొంత నిజము. అయినను తన పొరుగువాడెవడని ఒక ధర్మశాస్త్రోపదేశకుడు ప్రభువును అడిగినప్పుడు, దెబ్బలు తిని దారిలో పడియున్న వానికి సమరయునితో ఏ సంబంధము నుండెను? ఎమర్సన్ ప్రశ్నయు ఆ ఉపదేశకుని ప్రశ్నయు ఒకటే.

వ్యాసము కంటె వ్రాసిన మనుష్యుడు పెద్దవాడు. చెరోకీ జాతివారిని వారి నేలనుండి వెళ్లగొట్టుటకు ప్రభుత్వము పూనుకొనగా, 1838లో ఎమర్సన్ దేశాధ్యక్షుడైన వాన్ బ్యూరెన్‌నకు బహిరంగముగా లేఖ వ్రాసి ఖండించెను. పారిపోయిన దాసులను పట్టి యజమానులకు అప్పగింపవలెనని 1850లో చట్టము రాగా, మరుసటి యేడు తన ఊరివారి యెదుట దానికి విరోధముగా మాటలాడెను. ఆ చెరోకీలు, ఆ దాసులు ఆయనకు ఏమగుదురు?

అదే 1838లో జూలై 15న హార్వర్డు వేదాంత పాఠశాలలో, కాపరులు కాబోవు యువకులయెదుట ఆయన ప్రసంగించెను. మంచు కురియుచుండగా తాను విన్న ఒక కాపరిని గూర్చి చెప్పెను. కిటికీ వెలుపల మంచు నిజముగా కనబడెనట, ప్రసంగించువాడు మాత్రము నీడవలె కనబడెనట. ఆ మనుష్యుడు ఎన్నడైనను నవ్వెనో, ఏడ్చెనో, పెండ్లాడెనో ఆ ప్రసంగమునుబట్టి తెలియలేదట. క్రీస్తును గూర్చి ఆయన ఆనాడు పలికిన దానిని మనమంగీకరింపము. ఈ గద్దింపు మాత్రము ప్రతి కాపరియు ప్రతి ఉపదేశకుడును శనివారపు రాత్రి తలచుకొనదగినది. ఆ ప్రసంగమునకు ప్రతిఫలముగా సుమారు ముప్పది యేండ్లు హార్వర్డు ఆయనను మరల మాటలాడ పిలువలేదు.

స్వావలంబనమనగానే మన సంఘములవారికి స్వయంపోషణము, దానివెంట కానుక పెట్టె, జ్ఞప్తికి వచ్చును. ఆ మాటకును బోస్టనుకును సంబంధమున్నది. ఎమర్సన్ కాలమందే, ఆ పట్టణములోనే, అమెరికన్ బోర్డు మిషనునకు కార్యదర్శిగా నుండిన రూఫస్ ఆండర్సన్ (1796–1880) ఆసియాలోని సంఘములు తమ్మును తామే పోషించుకొని, పరిపాలించుకొని, సువార్త వ్యాపింపజేసికొనవలెనని బోధించుచుండెను. తెలుగువారియొద్దకు వచ్చిన సామ్యుయేల్ డే దొర కూడ 1835లో ఓడ ఎక్కినది బోస్టనులోనే. పట్టణమొకటే గాని, ఆండర్సన్ చెప్పిన "తాము" అను మాటలో పిడికెడు బియ్యము తెచ్చు విధవరాలు మొదలుకొని సంఘమంతయు నున్నది. ఎమర్సన్ చెప్పిన "తాను" గదిలో తలుపు వేసికొని కూర్చున్న ఒక్క మనుష్యుడు. లోకము తప్పు దారిని పోవునప్పుడు ఆ ఒక్కడు కావలెను. తక్కిన దినములలో ఆ ఒక్కడు ఎట్లు బ్రదుకునో ఈ వ్యాసము చెప్పదు.

అది ఆయన జీవితమందే కనబడును. 1872 జూలైలో ఒక తెల్లవారుజామున కంకార్డు గ్రామములో ఆయన యింటికి నిప్పంటుకొనెను. అప్పటికి ఆయన ముసలివాడు, జ్ఞాపకశక్తి తగ్గుచుండెను. పొరుగువారు పరుగెత్తి వచ్చి పుస్తకములను, కాగితములను, సామానును బయటికి మోసిరి. స్నేహితులు పదివేల డాలర్లకు పైగా పోగుచేసి ఆయన చేతికిచ్చిరి. మొదట సంకోచించినను ఆయన పుచ్చుకొనెను. కుమార్తెను తోడుకొని ఐరోపాకును ఐగుప్తుకును పోయి 1873 మే నెలలో తిరిగి వచ్చునప్పటికి, గ్రామములో గంటలు మ్రోగెను. వాద్యములతో జనులును బడిపిల్లలును ఎదురు వచ్చి, ఆయనను తోరణము క్రిందుగా ఇంటికి తీసికొనిపోయిరి. ఇల్లు మునుపటివలెనే నిలిచియుండెను.