పోయినదియు, పోక మిగిలినదియు

సీ భాషలో ప్రోగ్రాము వ్రాయువాడు మాలాక్ ద్వారా అడిగి పుచ్చుకొన్న మెమరీని, పని తీరిన పిమ్మట ఫ్రీ ద్వారా తానే తిరిగి అప్పగింపవలయును. మరచినచో కంపైలరు మందలింపదు, ప్రోగ్రాము తత్‌క్షణమే కూలిపోదు, పరీక్షలన్నియు నిర్విఘ్నముగా ముగియును. ఒక ఫంక్షను ఆరంభమున 1,024 బైట్లు తీసికొని, ఫైలు తెరచుకొననప్పుడు మధ్యలోనే రిటర్ను అయినదనుకొందము. చిట్టచివరి పంక్తిలో ఎంత శ్రద్ధతో ఫ్రీ వ్రాసియున్నను నడక అంతదూరము పోనేపోదు. దినమునకు లక్ష పర్యాయములు ఆ దారి పట్టిన సర్వరు ఇంచుమించు నూరు మెగాబైట్లను ఊరకయే మ్రింగివేయును. అట్టి సర్వరును అర్ధరాత్రి రీస్టార్టు చేసి చేతులు దులుపుకొను ఆచారము నాకెన్నడును రుచింపలేదు.

మెమరీ లీకు అనబడు ఈ దోషమును పట్టియిచ్చు సాధనములను ఒకప్పుడు వెలపెట్టి కొనవలసియుండెను. వానిలో ప్రసిద్ధమైన ప్యూరిఫైని విక్రయించిన ప్యూర్ సాఫ్ట్‌వేర్ స్థాపకుడు రీడ్ హేస్టింగ్సే అనంతరము నెట్‌ఫ్లిక్స్ స్థాపకులలో ఒకడైనాడు. లీకులు వెదకిన చేయి అదేయని సినిమాలు చూచువారిలో ఎందరికి తెలియును! 2002లో జూలియన్ సీవార్డ్ వాల్‌గ్రిండ్‌ను వెలువరించినది మొదలు, లినక్సు గల విద్యార్థికి సైతము ఈ విద్య ఉచితముగా లభించుచున్నది. డీబగ్ సమాచారముతో కంపైలు చేసిన ప్రోగ్రామును దాని క్రింద నడిపినచో, ముగింపున అది మెమరీనంతను గాలించి, ఏ పాయింటరును చూపని ముక్కలను ‘డెఫినిట్లీ లాస్ట్’ అని, పంక్తి సంఖ్యతోకూడ నివేదించును. అయితే అది చూపునది ఆ మెమరీని తీసికొన్న చోటును మాత్రమే. విడువవలసిన చోటును వెదకికొనుట మన వంతు. పైగా ప్రోగ్రాము ఇరువది ముప్పది రెట్లు మందగించును. అంత ఓపిక లేనివారు జీసీసీలోను క్లాంగ్‌లోను ఉన్న అడ్రెస్ శానిటైజరును ఎంచుకొనవచ్చును. మరల కంపైలు చేయుట తప్పదు కాని, వేగము సుమారు సగమునకు మించి తగ్గదు. విండోసువారికి డాక్టర్ మెమరీ కలదు.

అసలు చిక్కు వాల్‌గ్రిండ్ నివేదికలోని ‘స్టిల్ రీచబుల్’ అను వర్గముతో వచ్చును. లాగిన్ అయిన ప్రతి వ్యక్తి సెషనును ఒక పట్టికలో చేర్చుచు, లాగౌటు వేళ తొలగింపని ప్రోగ్రామున పాయింటర్లన్నియు పదిలముగా ఉండును, మెమరీ మాత్రము పెరుగుచునే యుండును. వాల్‌గ్రిండ్ దానిని పోయినదిగా లెక్కింపదు, లెక్కింపకుండుట న్యాయమే. ఇట్టి సందర్భమున నేను హీప్‌ట్రాక్ అను సాధనమునే ఆశ్రయింతును. ఏ ఫంక్షను అడిగిన మెమరీ కాలక్రమమున ఎట్లు ఎగబ్రాకినదో అది గీతగీసి చూపును, ఇదియు ఉచితమే. కాని ఆ పట్టికలో సెషను ఎంతసేపు నిలువవలెనో, ఏ గడియకు తుడిచివేయవలెనో ఆ గీతలో కానరాదు. అది సర్వరును వాడువారి అలవాట్లెరిగినవాడు కూర్చుండి నిర్ణయింపవలసినదే.